మదుము మీద మంచం

పద్దెనిమిది నల్లటి గళ్ళు, గడికొక పేరు, పేరు పక్కన అడ్డగీత కొట్టిన మైకు బొమ్మ. ఈశ్వరి వాటికేసి చూస్తూ కూర్చుంది. అవతల వాళ్ళు తనకేసి చూస్తున్నారో, ఫోను బోర్లించి పప్పుకి తాలింపు వేసుకుంటున్నారో తెలియదు. సమస్య చదివి వినిపించింది, ఎందుకైనా మంచిదని రెండోసారి కూడా చదివింది, ఇక మీలో మీరు మాట్లాడుకోండి, నేను మధ్యలో రాను అంది. అప్పట్నుంచీ ఉలుకూ పలుకూ లేదు. బెల్లం కొట్టిన రాయి అంటారు, రాయి ఒకటైతే సరిపెట్టుకోవచ్చు, ఇన్ని రాళ్ళతో ఎలా వేగడం. తను మాత్రం మాట్లాడకూడదు, అదీ ఈ పద్ధతిలో మొదటి నియమం. టీచరు సమస్య ఇచ్చి ఊరుకోవాలి, ఎంతసేపైనా సరే ఊరుకోవాలి, పిల్లలే తవ్వుకోవాలి. తవ్వండ్రా బాబూ, గునపం మీ చేతికిచ్చే కూర్చున్నాను కదా. తెర పైమూల ఎర్రచుక్క వెలుగుతోంది, రికార్డింగు జరుగుతోందని. ఈ నిశ్శబ్దమంతా ఎక్కడా పొల్లుపోకుండా రికార్డవుతోంది. రేపు నరసింగరావుగారు టీ తాగుతూ దీన్ని చూస్తారు. చూసి ఏమంటారో ముందే తెలుసు కనకే ఈశ్వరికి ఒళ్ళు మండుతోంది.

నరసింగరావుగారు యూనివర్సిటీలో ఆన్‌లైను కోర్సుల కోఆర్డినేటరు. చెడ్డవాడు కాదు, అదే చిక్కు, చెడ్డవాడైతే హాయిగా తిట్టుకోవచ్చు. మొన్న ఫోను చేసి ఎంతో ఆప్యాయంగా చెప్పారు. అమ్మా, మీ క్లాసులన్నీ చూశాను, మీరు అడగడం, పిల్లలు ఊరుకోవడం, మళ్ళీ మీరు అడగడం, ఇది క్లాసులా లేదు, మౌనవ్రతంలా ఉంది. ఈ ఆదివారం కూడా ఒక్క పిల్లాడు నోరు తెరిచి విషయం మాట్లాడకపోతే ఇక దీన్ని ఆపేద్దాం. మీ పాత వీడియోలున్నాయి కదా, కరోనా రోజుల్లో చేసినవి, అవి పెట్టేద్దాం, పిల్లలకీ సుఖం, మీకూ సుఖం అన్నారు. ఏం సుఖం. ఆ వీడియోల్లో ఈశ్వరి ఇప్పటికంటే సన్నగా ఉంటుంది, నీలం చీర కట్టుకుని మాటకి ముందొకసారి మాటకి వెనకొకసారి ఇకపోతే అంటూ ఉంటుంది. మూడో పాఠంలో గ్రామసభ గురించి చెబుతుండగా వెనకాల కుక్కరు కూస్తుంది. ఏటేటా అదే చోట అదే కూత. ఆ నీలం చీర మనిషికి ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు, వేసినా ఆవిడకి వినబడదు. రేపట్నుంచి ఆవిడ పాఠం చెబుతుంది, తను కూర్చుని పేపర్లు దిద్దుతుంది. ఒక మనిషి కుర్చీని ఇంకెవరో లాక్కుంటే పోట్లాడవచ్చు. తన కుర్చీ తనే లాక్కుంటే ఎవరి దగ్గర మొర పెట్టుకోవాలి.

కిటికీ అవతల అరసవల్లి ఆదివారం హోరెత్తుతోంది. స్వామి దర్శనానికి వచ్చినవాళ్ళని దింపే ఆటోలు, ఎక్కించుకునే ఆటోలు, ఎదుటి లాడ్జి మెట్ల మీద కొత్త గుండుతో ఏడుస్తున్న పసివాడు, వాడికి బుడగ కొనిపెడతానని బతిమాలుతున్న మేనమామ. ఇన్ని గొంతులు. రోడ్డు మీద ముక్కూమొహం తెలియనివాళ్ళు కొబ్బరికాయ ధర గురించి అంత సేపు వాదించుకుంటారు, గ్రామీణాభివృద్ధి ఎమ్మే చదివే పిల్లలు నోరు విప్పరు. ఉద్యోగాలూ పనులూ చేసుకునేవాళ్ళు కదా అని క్లాసు ఆదివారం పెట్టమని తనే అడిగింది. అరసవల్లిలో అద్దెకుంటూ ఆదివారం పొద్దున్న క్లాసు పెట్టుకున్న తెలివితేటలు తనవి, ఎవరినీ అనడానికి లేదు.

విశాఖపట్నంలో రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. సమస్యాధారిత అభ్యసనం. పాఠం చెప్పి తరవాత సమస్య ఇవ్వడం కాదు, ముందే సమస్య ఇచ్చి దాన్ని విప్పుకుంటూ పాఠం నేర్చుకోవడం. ఉపాధ్యాయుడు ఎంత తక్కువ మాట్లాడితే విద్యార్థి అంత ఎక్కువ నేర్చుకుంటాడని ఢిల్లీ నుంచి వచ్చినాయన గంటన్నర సేపు ఏకధాటిగా మాట్లాడాడు. అందరూ చప్పట్లు కొట్టారు. భోజనాల దగ్గర పార్వతీపురం నుంచి వచ్చిన లెక్చరరు, మా ఇంట్లో నేను మాట్లాడడం మానేసి ఇరవయ్యేళ్ళయింది మేడం, ఈ లెక్కన మా ఆవిడ మహా పండితురాలై ఉండాలి అన్నాడు. ఈశ్వరి కూడా నవ్వింది కానీ తను మాత్రం నమ్మింది. నమ్మకేం చేస్తుంది, కళ్ళారా చూసింది కదా. విజయనగరంలో గెస్టు లెక్చరరుగా ఉన్న రోజుల్లో, ఈ పద్ధతికి పేరుందని కూడా తెలియని రోజుల్లో, ఒక మధ్యాహ్నం పాఠం చెప్పబుద్ధి కాక, కూరగాయల మార్కెట్టుని ఊరి బయటికి మారిస్తే ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని ఊరికే అడిగింది. అంతే, అంటుకుంది. ఒకడు మా అమ్మ అక్కడే గంప దించుతుంది మేడం అని లేచాడు, ఇంకొకడు మా బాబాయి ఆటో యూనియన్లో ఉన్నాడని లేచాడు, వెనక బెంచీలో ఎప్పుడూ నిద్రపోయే పిల్ల లేచి ఇద్దరినీ కూర్చోబెట్టింది. గంట కొట్టినా ఎవరూ కదలలేదు. వాచ్‌మన్ వచ్చి తలుపు దగ్గర నిలబడి, వాడూ రెండు మాటలన్నాడు. ఆ రోజు సాయంత్రం బస్సులో ఇంటికి వస్తూ ఈశ్వరి తనలో తను నవ్వుకుంటూనే ఉంది, పక్కసీటావిడ అనుమానంగా చూసింది. పేరు తెలియక ముందు అంత బాగా జరిగిన పని, పేరు తెలిశాక ఇలా చచ్చి ఊరుకుందేమిటి.

చాట్‌లో ఏదో టింగుమంది. ఈశ్వరి ముందుకి వంగింది. మేడం నెట్ స్లో ఉంది, అని రేఖ. ఆ వెనకే ఇంకెవరో, మాకూ నెట్ ప్రాబ్లం మేడం. నెట్. ఈ మాట వింటే ఈశ్వరికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ప్రశ్న అడగ్గానే నెట్ పోతుంది, హాజరు తీసుకునేటప్పుడు నిమ్మకు నీరెత్తినట్టు తిరిగొస్తుంది. పూర్వం పిల్లలు కడుపునొప్పి అనేవాళ్ళు, దానికి కనీసం మొహం అలా పెట్టాల్సి వచ్చేది. నెట్ లేదనడానికి మొహంతో కూడా పని లేదు. అబద్ధమని తనకు తెలుసు, తనకు తెలుసని వాళ్ళకు తెలుసు, అయినా సరే అమ్మా అని రాయాలి. సరే అమ్మా, అని రాసింది.

మొదటి వారాల్లో నోళ్ళు విప్పకపోవడంలో తప్పు వాళ్ళది కాదు, అది ఒప్పుకోవాలి. సమస్యలు ఇంగ్లీషు పుస్తకంలోవి. మంచు పడే ఊళ్ళో ఒంటరి ముసలివాళ్ళకు వేడి భోజనం ఎలా అందించాలి, అని. మంచా మేడం, అని అడిగింది దేవి, ఇంకేమనగలదు పాపం. ఆ రోజే అనుకుంది, ఈ పరాయి ఊళ్ళ సమస్యలు మనకొద్దు, మన సమస్య నేనే రాస్తాను, వాళ్ళు పుట్టి పెరిగిన మట్టి లోంచి తీసి వాళ్ళ ముందు పెడితే మాట్లాడక ఛస్తారా అని. వారం రోజులు కూర్చుని రాసింది. రాసి కొట్టేసి మళ్ళీ రాసింది. నరసింగరావుగారిది గుంటూరు వైపు, మదుమంటే ఏమిటమ్మా అని అడిగారు. తూమేనండీ, కాలువ నీరు పొలంలోకి మళ్ళించేది, పలక ఎత్తితే నీరు ఆ పొలాల్లోకి పోతుంది, దించితే కిందికి సాగుతుంది, మా వైపు మదుమంటాం అని చెప్పింది. ఆ మాట మార్చలేదు. మంచి సమస్య రాశానని గర్వంగా కూడా ఉంది, దాచుకోవడమెందుకు.

ఒక ఊరు. ఊరి మీదుగా పంటకాలువ. వానలు ముఖం చాటేసినా పైన నీరుంది, కాలువలోకి వదిలారు కూడా. కాలువ మొదట్లో ఉన్న పొలాల్లో ఉభాలు, అదే నాట్లు, అయిపోయి వరి పచ్చగా ఊగుతోంది. శివారు పొలాల్లో నాటేందుకు తడి లేక నారు మడిలోనే ముదిరిపోతోంది. మొదటి పొలాల దగ్గర, మదుము మీద, ఒక రైతు రాత్రిళ్ళు మంచం వేసుకుని పడుకుంటాడు. సమస్య ఏమిటి, ఎవరెవరితో మాట్లాడాలి, ఏం చేయాలి. ఇదీ తను రాసింది. ఆ మంచం మీద ఈశ్వరికి మహా ముచ్చట. అది లేకపోతే ఇదొక పేపరు వార్త, శివారు భూములకు అందని సాగునీరు అని రోజూ వేసేదే. మంచం ఉంది కనక దానికి ప్రాణం వచ్చింది. మంచం ఎందుకు వేశాడు, ఎవడు వేయనిచ్చాడు, లేపగలిగేవాడు ఎవడు, ఒక్క మంచం పట్టుకుని లాగితే కులం, పలుకుబడి, నీటి సంఘం, ఊరు ఊరంతా కదిలి రావాలి. రావాలి కదా. పద్దెనిమిది మందిలో సగానికి పైగా రైతుల పిల్లలు. మదుము మీద ఎవరు పడుకుంటారో, ఎందుకు పడుకుంటారో తెలియనివాడు ఒక్కడు లేడు. తెలిసి కూడా మాట్లాడరేం, ఎవరి సొమ్ము పోతుంది మాట్లాడితే.

గది గుమ్మంలో అత్తగారు లక్ష్మీనరసమ్మ నిలబడింది. చేతిలో చిక్కుడుకాయల పళ్ళెం. కాసేపు తెరకేసి, కాసేపు కోడలికేసి చూసి గొంతు తగ్గించి అడిగింది.

"ఏటే, ఎవుల్తోటీ మాటాడవు, అలగ సూసుకుంట కూకున్నావు. కరెంటు పోనాదేటి?"

క్లాసత్తా, అని పెదాలు మాత్రం కదిపింది ఈశ్వరి. ఆవిడ నమ్మలేదు. ఆవిడ చిన్నప్పటి పంతులు మాట్లాడేవాడు, కొట్టేవాడు, ఏదో ఒకటి చేసేవాడు. ఈ పంతులమ్మ జీతం తీసుకుని గోడకేసి చూస్తుందేమిటని ఆవిడ సందేహం, అందులో తప్పేముంది. చిక్కుడు ఈనెలు తీసుకుంటూ వెళ్ళిపోయింది. ఇంతలో పెద్ద లారీ హారను. ఈశ్వరి కిటికీ వైపు తిరగబోయి, తెర మీద ధర్మేంద్ర గడి చుట్టూ పచ్చగీత వెలగడం చూసింది. సాలూరులో లారీ ఆఫీసులో పనిచేస్తాడు, యార్డులోంచే క్లాసు వింటాడు. మైకు పొరపాటున తెరుచుకున్నట్టుంది. సారీ మేడం, అన్నాడు, మూసేశాడు. ఇదీ ఇవాళ్టి క్లాసులో రికార్డయిన మొదటి విద్యార్థి గొంతు. హారను, సారీ మేడం. నరసింగరావుగారు దీన్ని విషయం మాట్లాడడం కింద జమ వేస్తారా. ఈశ్వరికి నవ్వొచ్చింది, ఆ నవ్వు వెనకే కళ్ళలో నీళ్ళూ తిరిగాయి, ఛీ, నలభై దాటి ఇదేమిటని పమిటతో తుడుచుకుంది. కెమెరా తనొక్కదానికే తెరిచి ఉంది, అదొక అవమానం. వాళ్ళందరికీ తన మొహం కనబడుతుంది, తనకెవరి మొహమూ కనబడదు.

దేవి ఉంది కదా. దేవి మాట్లాడాలి. మొదటి రోజు పరిచయాలప్పుడు గలగలా మాట్లాడింది ఆ పిల్లొక్కతే. ఆమదాలవలస అవతల పల్లె, పెళ్ళై మూడేళ్ళయింది, డిగ్రీ తరవాత ఆగిపోయిన చదువుని అత్తవారు మళ్ళీ చదువుకోమన్నారు. మా మావే ఫోను కొన్నారు మేడం, మా కోడలు ఎమ్మే అని ఊరంతా సెప్పుకుంటారు, అని మురిసిపోయింది. ఇల్లంతా సిగ్నలుండదట, వీధి అరుగు మీద మాత్రం బాగా వస్తుందట, పాఠం వినడానికి పక్కిళ్ళవాళ్ళూ చేరతారట. గొంతులో నవ్వు వినపడేది. ఆ నవ్వు విని ఈశ్వరి, ఈ పిల్ల చాలు నాకు, ఈ పిల్లతో మొదలుపెడితే తక్కినవాళ్ళూ కదులుతారు అనుకుంది. అలాంటిది ఇవాళ సమస్య చదివింది మొదలు కిక్కురుమనడం లేదు. ఏమ్మా దేవీ, అని పిలవవచ్చా. పేరు పెట్టి పిలవకూడదన్నాడు ఢిల్లీ ఆయన, బలవంతం అవుతుందట. ఆయనకేం, విమానమెక్కి వెళ్ళిపోయాడు. టైము కరిగిపోతోంది. సగం పైన అయిపోయింది. పోనీ పిలిచేస్తే, ఒక్క పిలుపుకి కొంపలు మునుగుతాయా.

పిలవక్కర్లేకపోయింది. దేవి గడి చుట్టూ పచ్చగీత వెలిగింది. ఈశ్వరి కుర్చీ అంచుకి జరిగింది. వచ్చింది దేవి గొంతు కాదు. ముందు కోడిపుంజు కూత, ఎవరో చెంబు కింద పెట్టిన చప్పుడు, ఆ తరవాత ఒక ముసలి మగగొంతు, కోపం లేదు, నెమ్మదిగానే ఉంది.

"మళ్ళొకసారి సదవమను మీ మేడమ్మని. మంచవూసు ఉన్నాది సూడు, అక్కడికాడి నుంచి."

ఆ వెనక దేవి, మావ, ఫోనియ్యి మావ, మైకుకి సెయ్యి తగులుతన్నాది, ఇయ్యి మావ, అంటోంది. పచ్చగీత ఆరిపోయింది. గడి మళ్ళీ నల్లబడింది.

మంచం ఊసు. మంచం ఎక్కడిది, తను ఎక్కణ్ణుంచి తెచ్చింది. తన బుర్రలోంచే వచ్చిందనుకుంది ఇంతసేపూ. కాదు. అది నులక మంచం కూడా కాదు, ప్లాస్టిక్ పట్టీ మంచం, మడత పెట్టేది, ఆ సంగతి కూడా తెలుసు తనకి, ఎలా తెలుసు. దేవి నవ్వుగొంతే చెప్పింది. పరిచయాల రోజు, మీ ఇంట్లో ఎవరెవరున్నారమ్మా అని అడిగితే చెప్పింది. మా మావ పంటలప్పుడు ఇంటికాడ తొంగోరు మేడం, మదుం మీదే మడత మంచం ఏస్కుంటారు, ఆ పలక దించాలంటే ముందు మా మావ లెగాల. అని నవ్వింది. అందరూ నవ్వారు, తనూ నవ్వింది. ఆ నవ్వు మరిచిపోయి మంచం ఒక్కటి దాచుకుంది. దాచుకుని, తుడిచి, మెరుగుపెట్టి, సమస్య చేసి, ఇవాళ ఆ పిల్ల అత్తవారి వీధి అరుగు మీద, ఫోను స్పీకర్లో, గొంతెత్తి, ఒకసారి చాలదన్నట్టు రెండుసార్లు చదివింది. కోడలు ఎమ్మే చదువుతోందని పక్కిళ్ళవాళ్ళు కూడా వచ్చి కూర్చుంటారని చెప్పింది కదా ఆ పిల్ల. వాళ్ళూ విన్నారు. మదుము మీద మంచం అంటే ఆ ఊళ్ళో చంటిపిల్లాడు కూడా పేరు చెబుతాడు. కోడలు ఇంటిగుట్టు మోసుకెళ్ళి యూనివర్సిటీలో పెట్టింది అనుకోరా మరి. తరగతి గదిలో అయితే నాలుగు గోడలుండేవి. విజయనగరంలో ఆ పిల్లాడు మా అమ్మ అక్కడే గంప దించుతుందని లేచాడంటే వాళ్ళమ్మ అక్కడ లేదు కనక లేచాడు. ఇక్కడ ఎవరి క్లాసు వాళ్ళ ఇంట్లోనే. మామగారు వింటాడు, మొగుడు వింటాడు, లారీ ఓనరు వింటాడు. మంచు ఊరి సమస్య మరీ దూరమని మాట్లాడలేదు, ఇది మరీ దగ్గరై మాట్లాడలేదు. నెట్ స్లో అన్నది ఇందుకేనా. ఇంతసేపూ రాళ్ళూ రప్పలూ అని తిట్టుకుంది, వాళ్ళంతా నోరు నొక్కుకుని కూర్చున్నారు, అది గ్రహించలేనిది తను. చదువుకున్నదాన్నని పేరు.

పచ్చగీత మళ్ళీ వెలిగింది. ఈసారి పొరపాటున కాదు. గొంతు సవరించుకున్న చప్పుడు.

"అమ్మా, నమస్కారం. మా దేవి మావనమ్మా, అప్పలసూరిని. మీరు సదివిన ఊసు ఇన్నాను. ఆ ఊరు ఏ ఊరమ్మా?"

ఎంత మర్యాదగా అడిగాడు. ఆ మర్యాదకే ఈశ్వరికి భయం వేసింది. ప్రశ్నకి జవాబు చెప్పకూడదు, మీరేమనుకుంటున్నారు అని తిరిగి అడగాలి, రెండు రోజులు అదే నేర్పారు. నమస్కారమండీ, అది ఏ ఊరూ కాదు, పాఠం కోసం కల్పించిందండీ, పుస్తకంలో ఇలాంటివి ఇస్తారు, అంది. గొంతు తనదిలా లేదు, నీలం చీర మనిషిదిలా ఉంది. అవతల కోడిపుంజు మళ్ళీ కూసింది.

"ఊరు కల్పితమైతే సరేనమ్మా. మంచవెవుడిదీ?"

అది కూడా కల్పితమేనండీ, అని నోట్లో మాట నోట్లో ఉండగానే ఇంకో గడి వెలిగింది. ఉమాశంకర్. టెక్కలి వైపు పిల్లాడు. ఈ కోర్సు మొదలైనప్పట్నుంచీ హాజరుకి తప్ప నోరు తెరవని మనిషి, మొహం ఎలా ఉంటుందో కూడా తెలియదు. అతనిది దేవి ఊరు కాదు, ఆ కాలువా కాదు, ఆ ముసలాయనెవరో కూడా అతనికి తెలియదు. మాట ఎన్నాళ్ళుగానో లోపల దాచుకున్నదిలా తోసుకొచ్చింది.

"మేడం, నాను సెప్తాను. కల్పితం కాదు మేడం, మా కాడా ఇదే. నీలు సాలక కాదు. మాది శివారు. మా నాన్న వారం బట్టి గట్టుమీదే ఉన్నాడు, పైనున్నోలు పలక దించనివ్వట్లేదు. ఆలు ఎవులో అందరికీ ఎరుకే, ఎవులూ అడగరు. మంచమేసుకున్నోడిని ముందు..."

ఇదే. దీని కోసమే కదా. నెల రోజులు ఈ గొంతు కోసమే కూర్చుంది. విజయనగరం గదిలో అంటుకున్నది ఇదే, ఇలాగే మొదలైంది, ఒకడు లేచి మాదీ ఇదే అన్నాడు. వదిలేస్తే ఇప్పుడు ధర్మేంద్ర అందుకుంటాడు, రేఖ అందుకుంటుంది, మంచం కదులుతుంది, పద్దెనిమిది గళ్ళూ వెలుగుతాయి, నరసింగరావుగారు టీ చల్లారబెట్టుకుని చూస్తారు. చెప్పు బాబూ, చెప్పు. అరుగు మీద అప్పలసూరి ఫోను చేతిలో పట్టుకుని వింటున్నాడు. పక్కన దేవి నిలబడి ఉంటుంది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. మంచమేసుకున్నోడిని ముందు ఏం చెయ్యాలో ఆ కుర్రాడు అనేస్తే, ఆ మాట ఆ ఇంట్లో దేవి మాటే అవుతుంది. రేపట్నుంచి ఫోను ముసలాయన జేబులో ఉంటుంది, నల్లగడి కూడా ఉండదు. ఈశ్వరి వేలు ఎప్పుడు కదిలిందో ఆమెకే తెలియలేదు. ఉమాశంకర్ పేరు మీద నొక్కింది, మైకు మీద అడ్డగీత పడింది, ఇక అది తను తీస్తే తప్ప పోదు. మాట మధ్యలో తెగిపోయింది.

ఉమాశంకర్, నీకు నెట్ సరిగ్గా లేనట్టుంది బాబూ, మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది, అంది. రికార్డింగులో ఎంత బాగా, ఎంత సహజంగా వినబడి ఉంటుందో. ఆగితే ఏమవుతుందోనని ఆగకుండా అందుకుంది. ఇకపోతే, ఈ సమస్యకి ప్రధాన కారణం కాలువలో పూడిక. ఏళ్ళ తరబడి పూడిక తీయకపోవడం వల్ల, గుర్రపుడెక్క పెరగడం వల్ల, నీరు శివారు వరకూ పారదు. మరి మదుము మీద రైతు ఎందుకు పడుకుంటాడు, నీరు వృథా పోకుండా కాపలా కాయడానికి. అతను బాధ్యత గల రైతు. నీటి సంఘం, అధికారులు, రైతులు కలిసి పూడిక తీయించుకోవాలి. ఒకటి, రెండు, మూడు అని వేళ్ళు మడిచి చెప్పింది. ఎంత ధారాళంగా వచ్చిందో, ఎక్కడా తడుముకోలేదు. వంటింట్లో కుక్కరు కూడా కూసింది.

అప్పలసూరి గొంతు ఇంకొక్కసారి వినబడింది, ఫోను తిరిగి ఇచ్చేస్తూ కాబోలు కాస్త దూరంగా. అదీ, అలగ సెప్పాలి, పూడికే మరి, మేడమ్మ బాగా సెప్పినాది, సదువుకో సదువుకో. తరవాత దేవి మైకు మూసుకుంది. ఈశ్వరి గుండెల మీంచి బరువు దిగింది, దిగిన చోటే ఇంకొకటి వచ్చి కూర్చుంది.

చాట్ కదిలింది. పూడికే మేడం, అని రేఖ. ఎస్ మేడం పూడిక, అని ధర్మేంద్ర. కరెక్ట్ మేడం. మా ఊళ్ళో కూడా పూడికే మేడం. అవును మేడం. టింగు, టింగు, టింగు, ఒకళ్ళ మీద ఒకళ్ళు, ఎవరికీ నెట్ స్లోగా లేదు. ఇన్నాళ్ళూ ఎక్కడున్నార్రా మీరంతా. రైతుల పిల్లలు, పలక ఎవరు దించనివ్వరో పుట్టినప్పట్నుంచీ చూస్తున్నవాళ్ళు, ఎంత చక్కగా అబద్ధం అప్పజెబుతున్నారు. వాళ్ళకి తెలుసు. టీచరు ఎందుకు చెబుతోందో కూడా సగం మందికైనా తెలిసే ఉంటుంది. అందరికంటే చివర దేవి రాసింది, పూడికే మేడం, థాంక్యూ మేడం, అని. ఆ థాంక్యూ దేనికో ఈశ్వరికి అర్థమైంది, అందుకని రెండోసారి చదవలేకపోయింది.

పంతొమ్మిదో గడి ఒకటి వచ్చి చేరింది. నరసింగరావు. రేపు చూస్తారనుకుంటే ఇవాళే వచ్చేశారు. చాట్ అంతా పైకీ కిందికీ చదువుకున్నట్టున్నారు. మైకు తెరిచి, శభాష్ మేడం, ఇదీ క్లాసంటే, అందరూ పాల్గొన్నారు, నేనే తొందరపడ్డాను, ఈ పద్ధతి ఉండాల్సిందే, వచ్చేవారం కూడా ఇలాంటి మంచి సమస్యే తయారు చెయ్యండి, అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు. థాంక్యూ సార్, అంది ఈశ్వరి. గెలిచింది. కుర్చీ తనదే, నీలం చీర మనిషి ఇప్పట్లో రాదు. రానక్కర్లేదు కూడా, ఆవిడ చేసే పని ఈవిడే చేసేసింది. నీళ్ళ గ్లాసు కోసం తడిమితే ఖాళీ గ్లాసు చేతికి తగిలింది.

ఒక్కొక్క గడీ ఆరిపోతోంది. బై మేడం, బై మేడం. నరసింగరావుగారు వెళ్ళిపోయారు, ధర్మేంద్ర, రేఖ, దేవి వెళ్ళిపోయారు. ఒక్క ఉమాశంకర్ గడి మిగిలింది, మైకు మీద తను కొట్టిన అడ్డగీతతో. మూలన చిన్న పసుపు చెయ్యి బొమ్మ, మాట్లాడతానని ఎత్తినది, ఎప్పుడు ఎత్తాడో తను చూడనే లేదు. అడ్డగీత తీసెయ్యవచ్చు ఇప్పుడు. ఎవరూ లేరు, అరుగు లేదు, మామగారు లేడు, చెప్పు బాబూ అనవచ్చు. వేలు అక్కడి దాకా వెళ్ళింది. మైకు ఎందుకు మూసిందో ఏమని చెబుతుంది, ఎవరి గుట్టు విప్పి చెబుతుంది, ఎక్కణ్ణుంచి మొదలుపెడుతుంది. దేవి పేరెత్తకుండా చెప్పలేదు, ఎత్తి అసలే చెప్పలేదు. ఎర్రచుక్క ఇంకా వెలుగుతూనే ఉంది. ఆమె అలా చూస్తుండగానే ఆ చెయ్యి బొమ్మ దిగిపోయింది. చాట్‌లో, తనొక్కదానికే వచ్చేలా, ఒక్క ముక్క పడింది.

"నా నెట్ బాగానే ఉన్నాది మేడం."